కారం మీద వేసిన నింద

మా ప్రాంతంలో కడుపులో మంటకి వైద్యం చెప్పడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. బస్సులో పక్క సీటు ఆయన చెబుతాడు, బట్టల కొట్టులో గుమాస్తా చెబుతాడు: “కారం తగ్గించండి.” ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి నేనూ ఎక్కువసార్లు చెప్పింది అదే. తేడా ఏమిటంటే, నేను దాన్ని ఓపీ చీటీ మీద రాసి కింద సంతకం పెట్టేవాణ్ణి.

రిటైరై రెండేళ్ళయింది. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు గుంటూరు పక్కన నల్లపాడులో మా ఇంటికి వచ్చి “ఏమన్నా చెప్పండి సార్” అంటుంటారు. బదిలీల గురించి, పై అధికారుల తనిఖీల గురించి చెప్పమంటే నాకు విసుగు. అవి ఎవరైనా చెబుతారు. నేను పొట్ట గురించి చెబుతాను. మీ బల్ల ముందు రోజూ కూర్చోబోయేది అదే, మిమ్మల్ని తేలిగ్గా మోసం చేసేదీ అదే.

బల్ల ఎక్కించు

నా మొదటి పోస్టింగు వినుకొండ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో. సూపరింటెండెంటు రామకోటయ్య గారు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. రోగిని పరీక్ష బల్ల మీద పడుకోబెట్టకుండా మందు రాసినట్టు తెలిస్తే ఆ చీటీని రోగి ముందే చింపేసేవారు. “ఏవయ్యా, పొట్టలో నొప్పన్నాడు గదా, పొట్ట ఎక్కడుందో చూశావా?” అనేవారు. అందరి ముందూ ఆ మాట పడటం నాకు చచ్చేంత అవమానంగా ఉండేది.

ఒకరోజు యాభై దాటిన పత్తి రైతు ఒకాయన వచ్చాడు. ఛాతీ కింద మంట అన్నాడు. పులితేన్పులా అంటే అవునన్నాడు. గ్యాస్ బిళ్ళలు రాసేశాను. రామకోటయ్య గారు అటుగా వస్తూ చీటీ అందుకుని, ఆయన్ని కూర్చోబెట్టి అడిగారు.

“ఎప్పుడొస్తంది ఈ మంట?”

“చేలోకి నడిచేటప్పుడండి. కాసేపు గట్టు మీద కూర్చుంటే పోతంది.”

“సోడా తాగితే తగ్గుద్దా?”

“తాగినా తాగకపోయినా కూర్చుంటే పోతందండి.”

ఆయన నా వైపు తిరిగారు. “తింటే రావాల్సిన మంట నడిస్తే ఎందుకొస్తందయ్యా? ఈసీజీ తీయించు.” తీయించాను. గుండెకి రక్తం అందడం లేదు. అదే పూట గుంటూరు పంపాం, బతికాడు. నేను రాసిన గ్యాస్ బిళ్ళల చీటీని రామకోటయ్య గారు ఆసారి చింపలేదు, మడిచి నా జేబులో పెట్టారు. చాలా రోజులు దాచుకున్నాను గానీ, ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది.

మంటలన్నీ ఒకటి కావు

ఆ తర్వాత నేను కొంచెం తెలివిమీరాననే చెప్పాలి. గారెలు, బజ్జీలు తిన్న గంటకి కుడి డొక్కలో మొదలై వీపు దాకా పాకే నొప్పికి ఏడాదిగా గ్యాస్ బిళ్ళలు మింగుతున్న టీచరమ్మకి స్కానింగు చేయించి, గాల్ బ్లాడరులో రాళ్ళున్నాయని తేల్చాను. పత్తికి మందు కొట్టి వచ్చి, పొట్టలో మెలిపెడుతోందని పడిపోయిన అతన్ని చూడగానే పట్టేశాను. నోట్లోంచి చొంగ కారుతోంది, కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. ఆ పురుగుమందు ఒంటికి అంటి లోపలికి దిగింది. బట్టలు విప్పించి, ఒళ్ళు కడిగించి, విరుగుడు ఎక్కించాం. అతన్ని తీసుకొచ్చిన బావమరిది మాత్రం “గ్యాస్ ఇంజెక్షనొకటి చేసి పంపండి చాలు” అంటూనే ఉన్నాడు.

వారం వారం టెస్టు ఉన్న పొద్దునే పొట్ట పట్టుకుని ముడుచుకుపోయే ఇంటర్ అమ్మాయినీ చూశాను. రక్తపరీక్ష, స్కానింగు అన్నీ బాగానే ఉన్నాయి. “నాటకాలండీ” అన్నాడు హాస్టలు వార్డెను. నాటకం కాదు, భయం పొట్టలో నొప్పిగా దిగుతుంది, ఆ నొప్పి ఉత్తుత్తిది కాదు. వాళ్ళమ్మని పిలిపించి నాలుగు రోజులు దగ్గరుండమన్నాను. రిపోర్టుల్లో ఏమీ లేదు కాబట్టి నొప్పి లేదనే డాక్టరు మీద నాకు గౌరవం లేదు.

ఇంకా ఉన్నాయి. కడుపు గోడలో కాపురం పెట్టి పుళ్ళు చేసే హెచ్. పైలోరీ అనే సూక్ష్మజీవి ఉంది. పరీక్షలో తేలితే దాని మందుల కోర్సు పూర్తిగా వాడించాలి, మధ్యలో మానిపిస్తే లాభం లేదు. బరువు తగ్గిపోతూ, ముద్ద దిగడం లేదంటూ వచ్చే పెద్దవయసు వాళ్ళని గొంతులోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ చూడకుండా నెలల తరబడి గ్యాస్ బిళ్ళల మీద ఉంచితే అది వైద్యం కాదు, నేరం. ఈ మాట కొందరు స్నేహితులకి నచ్చదని తెలుసు.

ఇక కారం. పుండు ఉన్నచోట కారం తగిలితే మండుతుంది, కాదనను. కొందరికి ఛాతీలో మంట ఎక్కువవుతుంది కూడా. అంతేగానీ కడుపులో పుండు పెట్టేది కారం కాదు. ఇది నాకు చదువుకున్న రోజుల నుంచీ తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చెబుతాను.

మస్తాన్‌బీ

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు సంగతి. ఆసుపత్రి పేరు, ఊరి పేరు చెప్పను. చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు, వాటి పక్కన రేకుల షెడ్లు. షెడ్లలో ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తారు, రంగుపోయిన తాలు కాయలు ఏరతారు. పన్నెండు మంది ఉన్న ఒక ముఠాకి మేస్త్రి మస్తాన్‌బీ. యాభైకి దగ్గర్లో ఉన్న మనిషి, గొంతు గట్టిది, నవ్వు ఇంకా గట్టిది.

“సారూ, ఇక్కడ నిప్పెట్టినట్టుందండి,” అని పొట్ట పైభాగం మీద చెయ్యి పెట్టి చూపించింది.

నేను తలెత్తలేదు. “ఏం పని చేస్తావు?”

“తొడిమలు తీస్తామండి.”

“పొద్దస్తమానం మిరపకాయల్లో కూర్చుంటే మండక ఏం చేస్తుంది?”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నా మాట నాకే ముచ్చటేసింది. తర్వాత పద్ధతి ప్రకారం అడిగాను: “మందులేమన్నా వాడుతున్నావా?”

“ఏం లేవండి. నాకు బీపీ, షుగరూ ఏం లేవు.”

గ్యాస్ బిళ్ళలు రాసి, కారం, పచ్చళ్ళు పూర్తిగా మానెయ్యమన్నాను. రామకోటయ్య గారి శిష్యుణ్ణి, ఆమెని బల్ల ఎక్కించలేదు. ఆ రోజు వరస గేటు దాకా ఉంది. అది కారణం, సాకు కాదని ఇప్పటికీ నన్ను నేను నమ్మించుకోలేకపోతున్నాను.

నెలన్నర తర్వాత మళ్ళీ వచ్చింది. కారం మానేసిందట. ఇంటిల్లిపాదికీ గోంగూర పచ్చడి నూరి పెట్టి, తను పెరుగన్నం తింటోందట. మంట తగ్గలేదు. బిళ్ళలు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు కనురెప్ప కిందికి లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. ఉత్త పెరుగన్నం తింటే రక్తం ఎక్కడి నుంచి వస్తుందని నేనే కోప్పడి, ఐరన్ బిళ్ళలు రాశాను.

నాలుగోసారి గొంతు తగ్గించి చెప్పింది. “సారూ, దొడ్డికెళితే నల్లగా, తారులాగా వస్తంది.”

“ఐరన్ బిళ్ళలు వేసుకుంటే అట్లాగే నల్లగా వస్తుంది. భయపడకు.”

అది అబద్ధం కాదు. ఐరన్ బిళ్ళలు వేసుకుంటే మలం నల్లగానే వస్తుంది. కానీ జిగురుగా, తారులాగా, భరించలేని వాసనతో వచ్చేది వేరు. అది పైన ఎక్కడో కారిన రక్తం. ఆమె తారు అనే మాట కూడా అంది. లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, “ఆ బిళ్ళలు మొదలెట్టక ముందు కూడా ఒకటి రెండుసార్లు...” అంది. నాకు వినపడింది. అప్పటికే తర్వాతి మనిషి కుర్చీలో కూర్చుని తన దగ్గు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను అతని వైపు తిరిగాను.

గుమ్మం దగ్గర ఆమె అన్న ఆ సగం మాట గురించి ఏళ్ళ తరబడి తోటి డాక్టర్లెవరికీ చెప్పలేదు.

నాలుగు చీటీలు

పది రోజులకి ఒక ఉదయం ఆమెని ఆటోలో తీసుకొచ్చారు. షెడ్డులో లేచి నిలబడబోయి పడిపోయిందట, తర్వాత రక్తం కక్కుకుందట. ఒళ్ళు మంచులా ఉంది, నాడి అందడం లేదు. మా హెడ్ నర్సు మరియమ్మ నేను చెప్పేలోపే రెండు చేతులకీ సెలైన్లు పెట్టేసింది. గుంటూరు పంపడానికి అంబులెన్సు పిలిచాం. వెంట వచ్చిన ఆడవాళ్ళు పన్లోంచి లేచి వచ్చినట్టే ఉన్నారు, ముక్కుకి గుడ్డలు కట్టుకుని. వాళ్ళ చీరల మీది ఘాటుకి క్యాజువాలిటీలో అందరం తుమ్ముతూనే పనిచేశాం.

రెఫరల్ లెటర్ రాయడానికి పాత కాగితాలు అడిగాను. వాళ్ళలో ఒకామె ప్లాస్టిక్ కవరొకటి ఇచ్చింది. అందులో నాలుగు ఓపీ చీటీలు, తేదీల వరసలో. నాలుగూ నా చేతిరాతే. గ్యాస్ట్రైటిస్, కారం మానాలి. గ్యాస్ట్రైటిస్, కారం మానాలి. రక్తహీనత, ఐరన్. నల్ల విరేచనం, ఐరన్ వల్ల. ఒక్కో చీటీ విడిగా చూస్తే ఏ డాక్టరూ తప్పు పట్టడు. నాలుగూ పక్కపక్కన పెడితే, ఒక మనిషి కళ్ళ ముందే రక్తం పోగొట్టుకుంటుంటే కూర్చుని చూసినవాడి డైరీలా ఉంది.

మర్నాడు గుంటూరు నుంచి ఎండోస్కోపీ చేసిన డాక్టరు ఫోన్ చేశాడు. నా కొడుకు వయసుంటుంది. “పెద్ద పుండు సార్. రక్తం కారే చోట క్లిప్పు వేశాం, రక్తం ఎక్కించాం. నిలబడుతుంది. హెచ్. పైలోరీ లేదు. నొప్పి మాత్రలేమైనా వాడుతుందా?”

“లేదు. నేనే అడిగాను.”

“ఇంకోసారి కనుక్కోండి సార్. పుండు తీరు అట్లాగే ఉంది.”

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి గొణుగుతుంటే మరియమ్మ విని, రిజిస్టరు మూసి అంది: “ఇక్కడ కుర్చీలో కూర్చుని వందసార్లు అడిగినా అదే చెబుతారు సార్. ఒకసారి షెడ్డుకెళ్ళి చూడండి.”

పదకొండు గంటల టీ

వెళ్ళాను. ఎర్రటి రాశుల మధ్య పదకొండు మంది గొంతుక్కూర్చుని ఉన్నారు, చేతులకి నూనె రాసుకుని. నేను కూర్చోడానికి గోతాం పరిచారు. మడిచేసరికి మోకాలు కలుక్కుమంది. పావుగంట దగ్గాక గానీ నాకు మాట రాలేదు. అన్నేళ్ళు ఈ మనుషులకి వైద్యం చేసి, వాళ్ళు కూర్చునే చోటికి రావడం అదే మొదటిసారి.

పదకొండింటికి క్యాన్‌లో టీ వచ్చింది. గ్లాసులు అందకముందే అందరూ కుడిచెయ్యి చాపారు. మస్తాన్‌బీ బదులు పెత్తనం చేస్తున్న కోటేశ్వరమ్మ బొడ్డు సంచీలోంచి బిళ్ళల షీటు తీసి, ఒక్కొక్క అరచేతిలో ఒక్కొక్క బిళ్ళ పెట్టుకుంటూ వచ్చింది, ప్రసాదం పంచినట్టు.

“ఏంటమ్మా అది?”

“టీ బిళ్ళండి.”

“దేనికి?”

“నడుం లేవద్దండీ మరి? ఇది పడకపోతే రెండింటికల్లా పక్కకి ఒరిగిపోతాం.”

“పొద్దున ఏం తిన్నారు?”

“మధ్యాన్నం తింటామండి. పొద్దున టీయేగా.”

షీటు తీసుకుని చూశాను. ఘాటైన నొప్పి మాత్ర. సీజను పొడుగునా, రోజూ, ఖాళీ కడుపున. మేస్త్రి తెచ్చి ముఠాకి పంచడం ఆ షెడ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. టీలో చక్కెర ఎంతో అదీ అంతే వాళ్ళకి. మందులు వాడుతున్నావా అని డాక్టరు అడిగితే అది గుర్తుకు రాదు.

“మస్తాన్‌బీ కూడా వేసుకునేదా?”

“రెండేసేదండి. మీరు కారం మానమన్నాక ఒంట్లో సత్తవ లేదని, ఒకటి సరిపోట్లేదని రెండు చేసింది.”

ఆ మాట అన్నామెకి నన్ను తప్పు పట్టాలని లేదు. నాకు మాత్రం ఘాటు వల్ల కాకుండానే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, ఘాటే అనుకున్నారు వాళ్ళు.

మేస్త్రి చేసిన పని

మూడు వారాలకి మస్తాన్‌బీ ఆసుపత్రికి వచ్చింది, సగమై. బల్ల ఎక్కించి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, దించాక చెప్పాను. పుండు పడింది టీ బిళ్ళ వల్ల అని, అది అడిగి తెలుసుకోవాల్సింది నేనని, రక్తం పోతోందని నువ్వు చెబితే వినలేదని, తప్పు నాదని. ముప్పై ఏళ్ళలో రోగికి ఆ మాట అన్నది అదే మొదలు.

ఆమె ముందడిగింది ఇదే: “మరి కారం?”

“కారం తప్పేం లేదు. పుండు మానాక తినొచ్చు.”

“ఏడు నెలలు సారూ! మా మరిది కూతురి పెళ్ళిలో అందరూ తింటంటే పెరుగన్నం గిన్నె పెట్టుకు కూర్చున్నా. సారు చెప్పాడు, సారు చెప్పాడని అందరికీ చెప్పుకున్నా.” గొంతు పెరిగింది. బయట వరసలో వాళ్ళు గుమ్మం దాకా వచ్చి తొంగిచూశారు. ఆ మాటలు పడాల్సిందే కాబట్టి పడ్డాను.

ఉన్నట్టుండి ఆమె ఆగిపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ బిళ్ళ వాళ్ళందరికీ నేనే ఇచ్చా గదండీ,” అంది.

నేను షెడ్డులో వద్దని చెప్పి వచ్చినా బిళ్ళ మానని పదకొండు మందినీ ఆ సోమవారం రెండు ఆటోల్లో దింపింది. షెడ్డులో పని ఆపించి మరీ తెచ్చింది. నేను ఒక్కొక్కరినీ బల్ల ఎక్కించాను. మందులు వాడుతున్నావా అని అడగలేదు. “పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోట్లో ఏమేం వేసుకుంటావో వరసగా చెప్పు,” అన్నాను. అందరిలోకీ చిన్నది నాగమణి, టీ దాకా వచ్చి గబుక్కున అన్నంలోకి దూకింది. వెనక నుంచి మస్తాన్‌బీ అరిచింది: “ఏమే, టీతో ఏం మింగుతావో చెప్పు! నేనిచ్చిందేగా!”

నలుగురికి రక్తం తక్కువగా ఉంది. ఇద్దరికి గుంటూరులో గొట్టం వేస్తే పుళ్ళు కనిపించాయి, ఇంకా రక్తం కారేదాకా రాలేదు. మందులతో మానాయి. బిళ్ళ మానేస్తే నడుములు ఎట్లా అనే ప్రశ్నకి నేను చెప్పిన జవాబుల కన్నా మస్తాన్‌బీ చేసిన పనే బాగుంది. షెడ్డు ఆసామితో పోట్లాడి ఎత్తు పీటలు వేయించింది. టీకి ముందు ఇడ్లీ రావాలంది, వచ్చింది. గంటకోసారి అందరినీ లేపి నిలబెట్టేది. మరీ నొప్పిగా ఉన్నవాళ్ళు నన్నో మరియమ్మనో అడిగి తేలికపాటి మాత్ర వేసుకునేవారు.

కుర్ర డాక్టర్లకి నేను చెప్పేది ఈ ఒక్క ప్రశ్నే. పొద్దున లేచిన దగ్గర్నుంచి వరసగా అడగండి. టీ దగ్గర ఆగండి. చుట్ట దగ్గర, సోడా దగ్గర, మెడికల్ షాపులో పొట్లం కట్టించుకున్న బిళ్ళల దగ్గర ఆగండి. తర్వాత చెప్పేది వినండి, గుమ్మం దగ్గర చెప్పేది కూడా.

పచ్చడి సీసా

పోయిన నెల మస్తాన్‌బీ మా ఇంటికి వచ్చింది. గుంటూరులో కూతురి దగ్గరికి వచ్చి, అడ్రసు కనుక్కుని వచ్చిందట. చేతిలో పండుమిరపకాయల పచ్చడి సీసా. మునుపటి గొంతు, మునుపటి నవ్వు. మా ఆవిడ ఆనందంగా సీసా అందుకుని, “ఈయనకి పెట్టనులే. రెండు నెలల నుంచి కడుపులో మంటంటున్నారు. కారం తగ్గించమన్నాను,” అంది.

మస్తాన్‌బీ నవ్వు ఆపేసింది. కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చుంది.

“మందులేమన్నా వాడతన్నారా సారూ?”

“ఏం లేవమ్మా,” అన్నాను వెంటనే.

“అట్టా కాదు. పొద్దున లేచిన కాణ్ణించి వరసగా చెప్పండి.”

నవ్వుతూనే మొదలుపెట్టాను. లేవగానే గ్లాసుడు నీళ్ళు. తర్వాత పేపరు, టీ. టీ దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. పొద్దున్నే వాకింగుకి వెళ్ళాలంటే మోకాలు సహకరించడం లేదని...

చొక్కా జేబులోంచి షీటు తీసి బల్ల మీద పెట్టాను. మా ఆవిడ నోరు తెరిచింది. మస్తాన్‌బీ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తన బొడ్డు సంచీలో వేసుకుంది.

“దొడ్డికెట్టా అవుతంది?” అని అడిగింది.